రాచ ఇంటిపేరు, జెలి పాట: సలీఫ్ కెయితా దాటిన గీత

పశ్చిమ ఆఫ్రికా పాటగాడు సలీఫ్ కెయితా గురించి యూరప్, అమెరికా పత్రికల్లో ఏ వ్యాసం చదివినా మొదటి రెండు పేరాల్లోనే మూడు సంగతులు వస్తాయి. అతను రాజవంశంలో పుట్టాడు. ఒంట్లో రంగు లేకుండా పుట్టాడు. పాడకూడని కులంలో పుట్టి పాడాడు. క్యాసెట్ అట్టల మీదా, సీడీల లోపలి కాగితాల మీదా ఇదే కథ. కథ అబద్ధం కాదు. చెప్పే తీరులోనే తిరకాసుంది. 'కులాన్ని ధిక్కరించిన రాకుమారుడు' అనగానే చదివేవాడి మనసు కరుగుతుంది, కులం సంగతి అక్కడితో సరి. ఆ కులం ఏమిటి, అందులో ఎవరెవరున్నారు, పాడే హక్కు అంతకుముందు ఎవరిది, రాకుమారుడొచ్చి మైకు పట్టుకున్నాక వాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్నలు ఎవరూ వెయ్యరు. కులం ఎట్లా ఉంటుందో ఒంటి మీద తెలిసినవాళ్లం కాబట్టి మనమే వెయ్యాలి.

ముందు ఆ వ్యవస్థ. మాలి, గినీ, ఐవరీ కోస్ట్, సెనెగల్, గాంబియా దేశాల్లో పరుచుకుని ఉన్న మాండే జనాల్లో పుట్టుకను బట్టి మూడు మెట్లున్నాయి. పైన హోరోన్‌లు, అంటే స్వతంత్రులు. రాజులు, యోధులు, సొంత భూమి దున్నుకునే రైతులు ఇందులోకి వస్తారు. అట్టడుగున జోన్‌లు. బానిసలు, బానిసల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. మధ్యన న్యామకలలు. వీళ్లు చేసే పనిని బట్టి మళ్లీ చీలిపోయారు. ఇనుము పనిచేసే నుములు, వీళ్ల ఆడవాళ్లు కుండలు చేస్తారు. తోలు పనిచేసే గరంకెలు. వాయిద్యం ముట్టకుండా నోటిమాట మీదే బతికే ఫునెలు. పాట, వాయిద్యం, వంశచరిత్ర తమ సొత్తుగా ఉన్న జెలిలు. ఫ్రెంచివాళ్లు ఈ జెలిలను 'గ్రియో' అన్నారు, ప్రపంచంలో ఆ పేరే నిలబడిపోయింది. ఎవరి పెళ్లిళ్లు వాళ్లలోనే. ఎవరి పని వాళ్లదే.

ఇదంతా తెల్లదొరలు రాసిపెట్టిపోయిన లెక్క అని కొట్టిపారెయ్యడానికి లేదు. తాల్ తమారి అనే పరిశోధకురాలు 1991లో అచ్చయిన వ్యాసంలో పదిహేనుకు పైగా పశ్చిమ ఆఫ్రికా జాతుల్లో ఇట్లాంటి కులాలు ఉన్నాయని చూపించారు. మాలింకెల్లో 1300 నాటికే, వొలోఫ్, సొనింకెల్లో 1500 నాటికే ఇవి ఏర్పడ్డాయని ఆమె నిర్ధారణ. ఫ్రెంచి సైన్యం అక్కడ అడుగుపెట్టడానికి వందల ఏళ్ల ముందు మాట ఇది.

మన కులంతో పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మాండేల్లో ముట్టుకుంటే మైల అన్న లెక్క లేదు. ఊరవతల వాడ లేదు. మనుస్మృతి లాంటి పుస్తకం లేదు. జెలికి డబ్బిస్తారు, బట్టలిస్తారు, ఈ కాలంలో అయితే కార్లూ ఇళ్లూ ఇచ్చినవాళ్లున్నారు. జెలి నోటికి భయపడతారు కూడా. కానీ పిల్లనివ్వరు, పిల్లను తెచ్చుకోరు. అతని మాట ఎంత కావాలో అతని రక్తం అంత వద్దు. సెనెగల్‌లో వొలోఫ్, సెరెర్ జనాల మధ్య ఇంకో ఆచారం ఉండేది. గ్రియో చనిపోతే నేలలో పూడ్చనిచ్చేవాళ్లు కాదు. పూడిస్తే భూమి చవుడుబారుతుందని, పంటలు పోతాయని భయం. పెద్ద పెద్ద బావోబాబ్ చెట్ల తొర్రల్లో ఆ శవాలను పెట్టేవాళ్లు. 20వ శతాబ్దం నడిమి దాకా ఈ ఆచారం ఉంది. శ్మశానం కోసం కొట్లాడిన ఊళ్లు మనకూ ఉన్నాయి కాబట్టి ఇది ఎక్కువ వివరించనక్కర్లేదు.

మాదిగలకు డక్కలివాళ్లు ఎట్లాగో కెయితాలకు కూయాతేలు అట్లాగా అని నన్నొక విద్యార్థి అడిగాడు. సగం అవును, సగం కాదు. వంశాన్ని ఒప్పజెప్పి, బదులుగా దానం హక్కుగా అడిగే తీరు రెండుచోట్లా ఒకటే. అయితే డక్కలి అడిగేది మాదిగను. తనకన్నా ఒక్క మెట్టు పైన ఉన్న, ఊరంతా అంటరానివాడన్న మనిషిని. కూయాతే అడిగేది రాజును.

13వ శతాబ్దంలో మాలి సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుంజాత కెయితా కథలో ఇది తేటగా కనబడుతుంది. ఆ కథలో రాజు పక్కన జెలి బల్లా ఫస్సెకె ఉంటాడు. కూయాతేలు తమ మూలపురుషుడు అతనే అంటారు. శత్రువు సోసో రాజు సుమంగురు బలఫోన్ ఇప్పటికీ గినీలోని న్యాగస్సోలా ఊళ్లో ఉంది, కాపాడేది కూయాతేలే. 2001లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ కళాఖండాల జాబితాలో చేర్చింది. కెయితా చెయ్యాల్సింది యుద్ధం, పాలన, సేద్యం. గట్టిగా మాట్లాడటం కూడా హోరోన్‌కు తక్కువతనమే. పెద్దమనిషి మెల్లగా అంటాడు, జెలి దాన్ని జనానికి వినిపించేట్టు ఎత్తి చెబుతాడు. అంటే నోరు ఒకరిది, పరువు ఒకరిది. కెయితాల గొప్ప పాడటం కూయాతేల హక్కు. కెయితా తానే నోరు విప్పి పాడితే రెండు తప్పులు. తన పరువు పోగొట్టుకున్నాడు, కూయాతే బువ్వ లాక్కున్నాడు. పాశ్చాత్య పత్రికలు మొదటిదే రాస్తాయి.

సలీఫ్ 1949లో జోలిబా అనే ఊళ్లో పుట్టాడు. బమాకోకు దగ్గర్లో, నైజర్ నది ఒడ్డున ఉంటుందది. సుంజాత సంతతి అని చెప్పుకునే ఇల్లు. కానీ రాజ్యం పోయి శతాబ్దాలయింది, ఇప్పుడు తండ్రి చేసేది వ్యవసాయం. నల్లటి అమ్మానాన్నలకు తెల్లటి బిడ్డ. మన దగ్గర దీన్ని బొల్లితో కలిపేసి మాట్లాడతారు, రెండూ వేరు. ఇది పుట్టుకతోనే చర్మానికి, జుట్టుకు, కళ్లకు రంగునిచ్చే పదార్థం లేకపోవడం. ఎండ పడదు, చూపు ఆనదు. అల్బినో అంటారు. ఆ ప్రాంతంలో అల్బినో బిడ్డను అపశకునమనీ, ఏవో శక్తులున్న వస్తువనీ చూసేవాళ్లు. తోటిపిల్లలు ఎగతాళి చేశారు, తరిమారు. రాచ ఇంటిపేరు అతన్ని కాపాడలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ అవసరం పడుతుంది.

తండ్రి చేలో కోతుల్నీ పిట్టల్నీ తోలడానికి అరిచి అరిచి తన గొంతు అట్లా తయారైందని సలీఫ్ చెప్పుకున్నాడు. మంచె మీద నిలబడి 'హో' అని అరిచినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. 2002లో అతను తీసిన గొప్ప ఆల్బమ్ పేరు 'మొఫ్ఫూ'. చేలో పిట్టల్ని బెదరగొట్టడానికి పిల్లలు ఊదే చిన్న గొట్టం పేరది. సామ్రాట్టు వారసుడని లోకం రాసుకుంటుంటే, యాభై ఏళ్లు దాటాక అతను తన పాటకు పెట్టుకున్న పేరు మాత్రం చేను కాపలాది. నాకు ఈ సంగతి రాజవంశం కథ కన్నా విలువైందనిపిస్తుంది.

బడి చదువు బాగానే సాగింది. టీచరు కావాలనుకున్నాడు. చూపు సరిగా లేదని ఆ ఉద్యోగానికి పనికిరాడన్నారు. అప్పుడొచ్చింది పాట. 1967లో బమాకో చేరి గిటారు పట్టుకుని బార్లలో పాడాడు, రాత్రుళ్లు బజారులోనే పడుకున్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. 'కులాన్ని ధిక్కరించి పాట ఎంచుకున్నాడు' అని రాస్తారు. ఎంచుకోవడానికి అతనికి వేరే దారి ఉందా? చేనుకు ఎండ పనికిరాదు, బడికి కళ్లు పనికిరావు. చదువుకున్నా ఉద్యోగం ఇవ్వని సమాజంలో నోరొక్కటే మిగిలింది. ధిక్కారం అబద్ధమనడం లేదు. ఆ ధిక్కారానికి వెనక ఆకలి ఉంది, అది రాయరేమని అడుగుతున్నాను.

అతను ఎత్తుకున్నది గిటారు. జెలిల కోరా కాదు, ఎన్గోని కాదు. గిటారుకు కులం లేదు. 1930ల నుంచి క్యూబా పాటల గ్రామఫోన్ రికార్డులు పశ్చిమ ఆఫ్రికా రేవుల్లో దిగాయి. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక మొదటి అధ్యక్షుడు మోదిబో కెయితా సోషలిస్టు ప్రభుత్వం 1964లో కుర్రాళ్లను సంగీతం నేర్చుకోవడానికి క్యూబాకే పంపింది. ప్రాంతానికో వాద్యబృందం, వాటి మధ్య పోటీలు, ట్రంపెట్లు, సాక్సఫోన్లు, ఎలక్ట్రిక్ గిటార్లు. ఇవి ఏ కులం ఇంటి చూరుకూ వేలాడినవి కావు. అందుకే ఈ కొత్త వాద్యబృందంలో ఎవరైనా నిలబడగలిగారు. జెలి అన్న మాట పక్కన 'ఆర్టిస్టు' అన్న కొత్త ఫ్రెంచి మాట వచ్చి చేరింది. హోరోన్ జెలి కాలేడు, కానీ ఆర్టిస్టు కావచ్చు. సలీఫ్ దూరిన తలుపు ఇది. తలుపు తెరిచింది అతనొక్కడే కాదు, కొత్త రాజ్యమూ, క్యూబా రికార్డులూ కలిసి సగం తెరిచిపెట్టాయి.

మోదిబో కెయితాను 1968 నవంబరులో సైన్యం కూలదోసింది. మూసా త్రవోరే గద్దెనెక్కాడు. ఆ సైనిక పాలనలోనే, 1970లో బమాకో రైల్వే స్టేషన్ హోటల్లో రైల్వే శాఖ పోషణతో ఒక బ్యాండు పుట్టింది. పేరు రైల్ బ్యాండ్. దాన్ని నడిపిన తిజాని కోనె బార్లో సలీఫ్ గొంతు విని పట్టుకొచ్చాడు. దాకర్ నుంచి వచ్చే రైలు ప్రయాణికులు, గుమాస్తాలు, వ్యాపారులు, కుర్రకారు అక్కడ కూడేవాళ్లు. తరవాత వచ్చి చేరినవాడు గినీకి చెందిన మోరీ కాంతె. ఇతను పుట్టుకతోనే జెలి, బలఫోన్ ఇంట్లోనే నేర్చుకున్నవాడు. ఒకే వేదిక మీద కెయితా పాడుతున్నాడు, జెలి వెనక వాయిస్తున్నాడు. ఏడు వందల ఏళ్ల లెక్క తలకిందులైనట్టే కదా.

1973లో సలీఫ్ రైల్ బ్యాండ్ వదిలి ఎదుటి బ్యాండు లెజాంబసదర్‌లో చేరాడు. ముందు పాడే చోటు మోరీ కాంతెకు దొరికింది. 1970ల మధ్యలో రైల్ బ్యాండ్ సుంజాత వలసపోయిన గాథను రికార్డు చేసింది. కెయితాల మూలపురుషుడి కథ పాడింది మోరీ కాంతె. ట్రంపెట్ల మధ్య, విద్యుత్ గిటార్ల మధ్య, జెలి మళ్లీ తన పాత పనికి వచ్చాడు. కులవృత్తి ఎక్కడా చెరిగిపోలేదు, మైకు పెట్టుకుంది అంతే.

లెజాంబసదర్ వాయించేది బమాకో మోటెల్లో. అక్కడికి అధికారులు, విదేశీయులు వచ్చేవాళ్లు. గినీ నుంచి వచ్చిన గిటారిస్టు కాంతె మన్‌ఫిలా అక్కడ సలీఫ్‌కు జోడీ అయ్యాడు. ఈ బ్యాండుకు అండ ఎవరంటే తియెకొరో బగయొకో, త్రవోరే పాలనలో భద్రతా విభాగం అధిపతి, జనం హడలిపోయిన మనిషి. 1978 ఫిబ్రవరిలో అతన్ని అరెస్టు చేశారు. అండ పోయింది, బ్యాండులో ముఖ్యులు అదే సంవత్సరం అబిజాన్ దారి పట్టారు.

ఇక్కడ నాకొక ఆలోచన తడుతుంది. రైల్వే శాఖ, పోలీసు అధికారి, ఆ తరవాత అధ్యక్షుడు, ఆ తరవాత పారిస్ నిర్మాత. జెలికి హోరోన్ ఎట్లాగో ఈ కొత్త పాటగాడికి వీళ్లట్లా. వృత్తిలోకి వచ్చినవాడు పుట్టుకను దాటాడేమో గానీ పోషకుడి గుమ్మం దాటలేదు. 'మంజూ' పాట దగ్గర ఇది నగ్నంగా బయటపడింది.

1977 నాటికి గినీ అధ్యక్షుడు సెకూ తూరే సలీఫ్‌కు జాతీయ పురస్కారం ఇచ్చాడు. 1970ల చివర సలీఫ్ 'మంజూ' రికార్డు చేశాడు. మంజూ అంటే తూరే వంశాన్ని గౌరవంగా పిలిచే పేరు. పాట నిండా తూరే పొగడ్త. పది నిమిషాలకు పైగా సాగే ఆ పాట ఆఫ్రికా పాప్‌లో శిఖరమని సంగీతం తెలిసినవాళ్లంటారు. విన్నాను, కాదనలేను. కానీ ఎవరిని పొగుడుతోందది? 1958లో ఫ్రెంచివాళ్ల ముఖం మీద 'వద్దు' అని చెప్పిన సెకూ తూరేనే, అనుమానం వచ్చినవాళ్లనల్లా కొనాక్రిలోని బోయిరో శిబిరంలో పడేసినవాడు. ఆఫ్రికా ఐక్యతా సంస్థకు మొదటి ప్రధాన కార్యదర్శి దియాల్లో తెల్లి 1977లో ఆ శిబిరంలోనే తిండీ నీళ్లూ లేక చచ్చిపోయాడు. ఆ మరుసటేడో ఆ పైయేడో పొగడ్త పాట వచ్చింది.

జెలి పొగడ్త పాడితే అది అతని కులం బతుకు, తప్పనిసరి. అడుక్కునేవాడని అతన్ని హీనంగా చూస్తారు. కెయితా అదే పని చేస్తే? కళాఖండమయింది. పేర్లు మారాయి, పని మారలేదు. సలీఫ్‌ను తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. పొగడటమనే పనిలో ఏ మచ్చ ఉందో అది చేసే కులంలో లేదు, చేయించుకునే అధికారంలో ఉంది. గౌరవం పోయేది ఎవరిది పోవాలి?

అబిజాన్‌లో ఆ బ్యాండు పేరు చివర 'అంతర్జాతీయ' అని తగిలించుకుంది. 1984లో సలీఫ్ ఫ్రాన్స్ చేరి పారిస్ పక్కన మొంత్రోయ్‌లో ఉన్నాడు. మాలి కార్మికులు గుంపులుగా ఉండే పేట అది. 1985లో ఇథియోపియా కరువు బాధితుల కోసం మను దిబాంగో పూనికతో ఆఫ్రికా పాటగాళ్లు చేసిన రికార్డులో గొంతు కలిపాడు. 1987లో 'సోరో' వచ్చింది. నిర్మాత ఇబ్రాహిమా సిల్లా, వాద్యాల కూర్పు ఫ్రాన్స్వా బ్రెయాన్, జాఁ ఫిలిప్ రికియెల్. కీబోర్డుల హోరులోంచి, చేలో పిట్టల్ని తోలినట్టు, ఆ గొంతు పైకి దూసుకొస్తుంది. ప్రపంచమంతా అతని పేరు తెలిసింది ఆ ఆల్బమ్‌తోనే. 1988 జూన్‌లో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజుకు లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన సభలో పాడాడు. మండేలా అప్పటికింకా జైల్లోనే.

1989లో వచ్చిన 'కో-యాన్' ఆల్బమ్‌లో 'నూ పా బూజే' అన్న పాట మన దృష్టిలో ముఖ్యం. మేం కదలం అని దానర్థం. 1986 అక్టోబరులో ఫ్రాన్స్ ప్రభుత్వం 101 మంది మాలి మనుషుల్ని ఒక ప్రత్యేక విమానంలో కుక్కి వెనక్కి పంపింది. ఊడవడానికీ, మోయడానికీ, కట్టడానికీ కావాల్సిన చేతులు, కాగితాల దగ్గరికొచ్చేసరికి అక్కర్లేకపోయాయి. మొంత్రోయ్ వీధుల్లో ఆ భయం మధ్య బతికినవాడి పాట అది. 'మంజూ' నుంచి ఇక్కడికి పదేళ్ల దూరం. ఆ పాట రాజుకు, ఈ పాట రాజు తరిమినవాళ్లకు. 2007లో ఫ్రాన్స్ వలసపేటల ర్యాప్ కుర్రాళ్ల బృందం లెస్కాద్రియ్‌తో కలిసి దీన్నే మళ్లీ పాడాడు.

1991లో జో జావినుల్ నిర్మించిన 'అమెన్', గ్రామీ నామినేషన్, 1995లో 'ఫొలొన్', 1999లో 'పాపా'. వీటి మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆపేస్తాను. 'మొఫ్ఫూ' సంగతి చెప్పాను. కీబోర్డులు పక్కనపెట్టి మళ్లీ గిటారు, ఎన్గోని, డప్పులతో చేసిన ఆల్బమ్ అది. అప్పటికి మాలిలో మళ్లీ మకాం పెట్టాడు.

ఇంతకూ జెలిలు ఏమయ్యారన్న ప్రశ్నకు రావాలి. ఊడ్చుకుపోలేదు. మోరీ కాంతె కోరాకు కరెంటు పెట్టి 1987లో తెచ్చిన 'యేకె యేకె' పది లక్షల కాపీలు దాటి అమ్ముడైంది. కానీ 2020లో చనిపోయేదాకా పత్రికలు అతన్ని 'ఎలక్ట్రిక్ గ్రియో' అనే రాశాయి. సలీఫ్‌ను 'ఆఫ్రికా బంగారు గొంతు' అన్నాయి. ఒకరికి పేరు కులంతో, ఒకరికి పేరు గొంతుతో. సెనెగల్‌లో బాబా మాల్ పాటల కులంలో పుట్టినవాడు కాదు. చిన్ననాటి నుంచి అతని పక్కన పాడి, వాయించి, నేర్పినవాడు అంధుడైన గ్రియో మన్సూర్ సెక్. ఇద్దరూ కలిసి చేసిన రికార్డు 1989లో బయటికొచ్చాక ప్రపంచ పర్యటనలు చేసిన పేరు బాబా మాల్‌ది. మన్సూర్ 2024లో పోయాడు. దీన్ని మోసమనలేం, వాళ్లది నిజమైన స్నేహం. అయినా పై నుంచి కిందికి దిగినవాడికి దిగడమే కీర్తి అయింది. కింద ఉన్నవాడు అదే చోట ఉంటే అది అతని పుట్టుక అయింది.

ఆడవాళ్ల దారి ఇంకొకటి. దక్షిణ మాలిలోని వాసులు ప్రాంతంలో పాడేవాళ్లు జెలిలు కారు, తమను 'కోనో' అనుకుంటారు, అంటే పిట్టలు. పుట్టుకతో కాదు, గొంతుతో వచ్చిన పని. అక్కడి నుంచి వచ్చిన ఊమూ సంగారే 1989లో 'ముసోలు' క్యాసెట్‌తో బహుభార్యత్వం మీద విరుచుకుపడింది. పోషకుణ్ని పొగడాల్సిన బరువు ఈ పిట్టల మీద లేదు. సలీఫ్ మీద పెట్టిన శ్రద్ధలో సగం ఈమె మీద పెట్టినా కులమూ పాటా అన్న చర్చ ఇంకాస్త ముందుకు వెళ్లేది.

అట్టడుగు మెట్టు మీద ఉన్న జోన్‌ల గురించి ఈ పాప్ చరిత్రల్లో ఒక్క వాక్యమూ ఉండదు. చట్టం లెక్కన 1905లో ఫ్రెంచి పాలకులు బానిస వ్యాపారాన్ని నిషేధించారు. కానీ పశ్చిమ మాలిలోని కాయ్ ప్రాంతంలో 'మీ తాతలు మా బానిసలు' అని ఇప్పటికీ చాకిరీ చేయించుకుంటారు. ఒప్పుకోకపోతే భూమి నుంచి, బావి నుంచి, ఊరి నుంచి వెళ్లగొడతారు. 2020 సెప్టెంబరులో దీన్ని ఎదిరించిన నలుగుర్ని కొట్టి చంపారు. ఈ కథ మనకు కొత్తదా? 2001లో డర్బన్ జాతివివక్ష వ్యతిరేక మహాసభకు దళిత ప్రతినిధులు వెళ్లి కులాన్ని ఎజెండాలో పెట్టమని కొట్లాడారు, భారత ప్రభుత్వం అడ్డం తిరిగింది. 2002లో ఐక్యరాజ్య సమితి జాతివివక్ష నిర్మూలన సంఘం తన 29వ సాధారణ సిఫారసులో పుట్టుకను బట్టి వచ్చే వివక్షలో కులమూ ఉందని తేల్చిచెప్పింది. 'పని, పుట్టుక' ఆధారంగా వివక్ష అన్న మాట కింద ఐక్యరాజ్య సమితిలో తయారైన పత్రాల్లో పశ్చిమ ఆఫ్రికా కులాల ప్రస్తావన ఉంది. డర్బన్‌లో మనవాళ్లు వేసిన ప్రశ్న అక్కడి మనుషులకూ వర్తించింది.

సలీఫ్ పోరాడింది కులం మీద కాదు, చర్మం మీద. అతన్ని ఇల్లూ బడీ వెలివేసింది దానికే. అల్బినోల కోసం సంస్థ పెట్టాడు, వైద్యానికీ చదువుకూ డబ్బు పోగుచేశాడు. 2009లో 'లా దిఫెరాన్స్' ఆల్బమ్ తెచ్చాడు, 2010లో దానికి ఫ్రాన్స్ సంగీత పురస్కారం వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా టాంజానియాలో, అల్బినోలను చంపి అవయవాలు మంత్రగాళ్లకు అమ్మే ఘోరాలు 2007 నుంచీ బయటపడుతున్న రోజులవి. 2014లో ఐక్యరాజ్య సమితి జూన్ 13ను అల్బినిజం దినంగా ప్రకటించింది. 2018 మే నెలలో మాలిలోనే ఫానా అనే ఊళ్లో అయిదేళ్ల అల్బినో పాపను ఎత్తుకెళ్లి తల నరికారు. ఆ నవంబరులో సలీఫ్ అదే ఊళ్లో కచేరీ పెట్టి 'అన్ ఓత్ర్ బ్లాఁ' ఆల్బమ్ విడుదల చేశాడు. ఇంకొక తెల్లవాడు అని దాని పేరుకర్థం. ఇదే నా చివరి ఆల్బమ్ అన్నాడు.

రాజకీయాల్లో అతను తిరిగిన మలుపులు అంత తేలిగ్గా మింగుడుపడవు. 2020 ఆగస్టులో మాలి సైన్యం మళ్లీ గద్దెనెక్కితే, డిసెంబరులో ఏర్పడిన తాత్కాలిక శాసనమండలిలో సభ్యుడయ్యాడు. 2023 జూలైలో రాజీనామా చేశాడు, ఆగస్టులో సైనిక పాలకుడు అసిమి గొయితాకు ప్రత్యేక సలహాదారుడయ్యాడు. సెకూ తూరే నుంచి గొయితా దాకా అధికారం గుమ్మం అతనికి దగ్గరగానే ఉంటూ వచ్చింది. రాచ ఇంటిపేరు మహిమ అందామా, ఎత్తుకున్న జెలి వృత్తి అలవాటు అందామా? రెంటిలో ఏదన్నా ఇంకోదాన్ని వదిలేసినట్టే.

చివరి ఆల్బమ్ అన్న మాట నిలబడలేదు. 2025 ఏప్రిల్‌లో, డెబ్బై అయిదు దాటాక, 'సో కోనో' తెచ్చాడు. గదిలో అని అర్థం. ట్రంపెట్లు లేవు, కీబోర్డులు లేవు. గిటారు తానే వాయించాడు. బార్లలో పాడిన రోజుల్లో చేతిలో ఉన్నదీ అదే. పక్కన ఎన్గోని వాయించింది బాదియే తుంకారా. రైల్ బ్యాండ్ గిటారిస్టు, జెలి ఇంట్లో పుట్టిన జెలిమాది తుంకారాది కూడా అదే ఇంటిపేరు.